చెన్నైలో పుయర్ టీ బిళ్ల దాచేవాళ్లకి

చైనాలోని యునాన్ నుంచి వచ్చే పుయర్ టీ బిళ్లని (ఆకుని బిళ్లలా అదిమి, ఏళ్ల తరబడి మాగబెట్టే టీ) చెన్నైలో వంటింటి అరలో మాత్రం పెట్టకండి. పక్కనున్న వాసనంతా పీల్చేస్తుంది, ఇంగువ, సాంబారు పొడి దగ్గర నెల్లాళ్లుంటే ఇక మీరు తాగేది చారే. దేవుడి గది పక్క అల్మరా కూడా వద్దు, కర్పూరం, అగరొత్తుల సంగతి తెలిసిందే కదా. పైన చుట్టిన కాగితం తీయకుండా, వాసన లేని అట్టపెట్టెలో, గోడకి ఆనించకుండా, ఎండ తగలని చోట ఉంచి, లోపల ఓ చిన్న హైగ్రోమీటర్ (గాలిలో తేమ కొలిచేది) పడేస్తే టెన్షన్ ఉండదు. తేమ 60-70 శాతం మధ్య ఉంటే బాగుంటుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో 80 దాటుతుంటే జిప్ కవర్లో బిగించేయండి. ఫ్రిజ్ జోలికి పోవద్దు.

రుచి చూడాలంటే బిళ్లని చేత్తో విరవకండి, ఆకు పొడైపోయి చేదెక్కుతుంది. సన్నటి మొన ఉన్న చాకుని అంచు పక్కనుంచి దూర్చి పొరలు పొరలుగా లేపి, 100 మిల్లీలీటర్లకి 5-6 గ్రాములు తీసుకుని, మరిగే నీళ్లు పోసి ఆ మొదటి నీళ్లు పారబోసేయండి, తర్వాత పదేసి సెకన్లు ఉంచి వంచుకుంటూ పోవడమే. పాలు పోసేవాళ్లతో నాకు మాటల్లేవు. షౌ రకానికి, అంటే ముందే త్వరగా పులియబెట్టిన పుయర్‌కి, మట్టివాసన మామూలే, కానీ ముక్క వాసన వచ్చి నూగులాంటి బూజు కనిపిస్తే మొహమాటం లేకుండా పారేయండి.