ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) తర్వాత ఏం చేయాలో నాకెలా తేలిందంటే (నా అనుభవం)

మూడో ఏడాదిలో "తర్వాతేంటి?" అని ఎవరైనా అడిగితే చాలు, టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. అమీర్‌పేటలో జావా, గేట్ కోచింగ్, బ్యాంకు పరీక్షలు, ఏదీ నిలవలేదు.

వేసవిలో మా ఊరి మోటార్ రీవైండింగ్ షాపుకెళ్లి (కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే చోటు), "జీతం వద్దు బాబాయ్, పని నేర్పు" అన్నాను. మొదటి వారమంతా కాలిన వైండింగ్ విప్పడం, చుట్లు లెక్కపెట్టడం, తీగ గేజ్ (మందం) రాసుకోవడం. రెండో వారం ఒక 5 హెచ్‌పీ వ్యవసాయ మోటార్ వచ్చింది, స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల కాయిల్స్‌నీ ఒక చివర ఒకేచోట కలిపేది). రెండు ఫేజుల కాయిల్స్ మాడి నల్లబడ్డాయి, మూడోది మాత్రం కొత్తదానిలా ఉంది. క్లాసులో బట్టీ పట్టిన సింగిల్ ఫేజింగ్ (మూడు ఫేజుల్లో ఒకదానికి కరెంటు ఆగిపోయి, మిగతా రెండింటి మీదే భారం పడటం) ఇదేనా అనిపించింది! ఆ రాత్రి ఎవరూ చెప్పకుండానే మెషిన్స్ పుస్తకం తీశాను. నా దారి అప్పుడే తేలింది.

ఇప్పుడు మోటార్ల మెయింటెనెన్స్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేస్తున్నాను. కోడింగ్ ఇష్టమున్నవాళ్లకు ఇది పనికిరాకపోవచ్చు. సంపాదించమని ఇంట్లో తొందరపెట్టకపోవడం కూడా నాకు కలిసొచ్చింది.