పాత పికప్ ట్రక్కు ముందు యాక్సిల్, సస్పెన్షన్ ఏ రకమో గుర్తుపట్టడం ఎలా?

పాత పికప్‌కు బాల్ జాయింట్లో, బుష్‌లో, ఎత్తు పెంచే కిట్టో కొనాలంటే ముందుగా తేల్చుకోవాల్సింది కింద ఏ యాక్సిల్ (చక్రాలను మోసే ఇరుసు) ఉందన్నదే. తలుపు మీది మోడల్ పేరు దీనికి సరిపోదు. 1979 ఫోర్డ్ ఎఫ్-150 ఫోర్ వీల్ డ్రైవ్, 1980 ఎఫ్-150 ఫోర్ వీల్ డ్రైవ్ పేరుకు ఒకటే. కిందికి దూరి చూస్తే ముందుభాగాలు వేర్వేరు. అమెరికాలో అమ్మిన టయోటా పికప్ 1985లో ఒక రకం, 1986లో ఇంకో రకం. పైగా ఇన్నేళ్లలో ఎవరో ఒకరు వేరే బండి యాక్సిల్ తెచ్చి బిగించి ఉండొచ్చు. కాబట్టి సంవత్సరాన్ని సూచనగా మాత్రమే తీసుకుని, కంటికి కనిపించిందాన్నే నమ్మాలి.

కావలసినవి: మంచి టార్చి, వైరు బ్రష్, కిరోసిన్ లాంటి జిడ్డు వదిలించే ద్రవం, సుద్దముక్క, జాకీ, ఒక జత స్టాండ్లు, చక్రాల కింద పెట్టే అడ్డుకట్టలు. చదునైన గట్టి నేల మీద బండి నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. మొదటి పరిశీలనకు బండిని ఎత్తవద్దు. బరువు చక్రాల మీద ఉన్నప్పుడే సస్పెన్షన్ అసలు భంగిమ తెలుస్తుంది. తర్వాత ఎత్తినప్పుడు మాత్రం, జాకీ మీద ఉన్న బండి కిందకు ఎట్టిపరిస్థితుల్లోనూ దూరకండి. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాకే వెళ్లాలి. ఈ వ్యాసంలో ఎడమ, కుడి అన్నప్పుడల్లా సీట్లో ముందుకు చూస్తూ కూర్చున్నవారి ఎడమ, కుడి అని అర్థం.

1. రెండు చక్రాలను కలుపుతున్నది ఏమిటో చూడండి

చాలామంది స్ప్రింగును చూసి యాక్సిల్ రకం చెప్పేస్తారు. కమాన్ కట్టలుంటే ఒంటి యాక్సిల్ అనీ, కాయిల్ ఉంటే ఇండిపెండెంట్ (ప్రతి చక్రమూ విడిగా కదిలేది) అనీ అనుకుంటారు. పొరపాట్లన్నీ ఇక్కడే మొదలవుతాయి. స్ప్రింగును పక్కనపెట్టి, ఎడమ చక్రం దగ్గర మొదలుపెట్టి ఇనుము వెంట చూపు సాగిస్తూ కుడి చక్రం దాకా వెళ్లండి. నాలుగింట్లో ఒకటి కనిపిస్తుంది.

ఒకే దూలం ఈ చివర నుంచి ఆ చివరకు ఉంటే అది సాలిడ్ యాక్సిల్. టూ వీల్ డ్రైవ్‌లో అయితే మధ్యలో కిందికి వంగిన, ఐ ఆకారపు అడ్డకోత ఉన్న దూలం. ఫోర్డ్‌లో 1964 దాకా, షెవ్రొలేలో 1959 దాకా, డాడ్జ్‌లో 1971 దాకా ఇదే. ఫోర్ వీల్ డ్రైవ్‌లో అయితే గొట్టం, దాని మీద ఒక పక్కకు జరిగి ఉండే డిఫరెన్షియల్ గుండు (ఇంజను శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల గూడు).

రెండు దూలాలు ఒకదానినొకటి దాటుకుంటూ వెళ్తే అది ఫోర్డ్ ట్విన్ ఐ-బీమ్. ఎడమ చక్రపు దూలం కుడివైపు ఛాసిస్ దగ్గర బుష్‌తో బిగించి ఉంటుంది, కుడి చక్రానిది ఎడమవైపు. ఇది 1965లో టూ వీల్ డ్రైవ్ ట్రక్కులలో వచ్చింది. ఎఫ్-150లో 1996 వరకు సాగింది.

దూలాలు రెండే అయినా వాటిలో ఒకటి డిఫరెన్షియల్‌ను మోస్తుంటే అది ట్విన్ ట్రాక్షన్ బీమ్. ఇది 1980లో ఫోర్డ్ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లలో వచ్చింది.

దూలమే లేకుండా ప్రతి చక్రానికీ పైనా కిందా ఒక్కో విష్‌బోన్ (వి ఆకారపు ఆర్మ్) ఉంటే అది పూర్తి ఇండిపెండెంట్. ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది, చక్రాలతో పాటు కదలదు. దాని నుంచి రెండు పక్కలకూ రబ్బరు బూట్లు తొడిగిన షాఫ్టులు వెళ్తాయి.

ఇప్పుడు రెండు ఉచ్చులు. 1980–96 ఎఫ్-250 ఫోర్ వీల్ డ్రైవ్‌లో ట్విన్ ట్రాక్షన్ బీమ్ కమాన్ కట్టల మీద కూర్చుంటుంది. స్ప్రింగును మాత్రమే చూసినవారు దాన్ని సాలిడ్ యాక్సిల్ అనుకుని తప్పు సామాను తెప్పించుకుంటారు. రెండోది దీనికి తలకిందులు. 1966 నుంచి 1979 దాకా ఎఫ్-100, ఎఫ్-150 ఫోర్ వీల్ డ్రైవ్‌లలో కాయిల్ స్ప్రింగులు, యాక్సిల్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే రేడియస్ ఆర్ములు ఉన్నా యాక్సిల్ మాత్రం సాలిడ్. 1994–2001 డాడ్జ్ రామ్ ఫోర్ వీల్ డ్రైవ్ కూడా కాయిళ్ల మీద సాలిడ్ యాక్సిలే.

2. అనుమానం ఉంటే ఎత్తి చూడండి

జిడ్డు, మట్టి పేరుకుని దూలాలు విడిగా తెలియకపోతే ఛాసిస్ కింద జాకీ పెట్టి ముందుభాగం ఎత్తి, స్టాండ్ల మీద దించండి. చక్రాలు వేలాడుతున్నప్పుడు ముందు నుంచి చూడండి. ట్విన్ ఐ-బీమ్, ట్విన్ ట్రాక్షన్ బీమ్‌లలో టైర్ల అడుగు లోపలికి ముడుచుకుని పైభాగం బయటికి వాలుతుంది. ప్రతి దూలమూ అవతలి పక్క బుష్ చుట్టూ తిరుగుతుంది కాబట్టి అలా జరుగుతుంది. సాలిడ్ యాక్సిల్‌లో రెండు టైర్లూ నిటారుగానే వేలాడతాయి.

ఈ వాలు తెలిస్తే టైర్ల అరుగుదల కూడా అర్థమవుతుంది. ట్విన్ ఐ-బీమ్ బండికి కాయిల్ స్ప్రింగులు కుంగితే టైరు లోపలి అంచు తినేస్తుంది. బండిని మరీ ఎత్తు చేస్తే బయటి అంచు అరుగుతుంది. స్ప్రింగు ఎత్తు సరిచేయకుండా ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా అది నిలవదు.

3. స్ప్రింగు రకం రాసుకోండి

కమాన్ కట్ట, కాయిల్ చూడగానే తెలుస్తాయి. దాక్కునేది టార్షన్ బార్, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ. విష్‌బోన్ ఉన్నా కాయిల్ కనబడకపోతే, చక్రం దగ్గరి ఆర్మ్ నుంచి ఛాసిస్ వెంట వెనక్కి వెళ్లే లావుపాటి కడ్డీ కోసం వెతకండి. వెనక చివర అడ్డ దూలంలో సర్దుబాటు బోల్టు ఉంటుంది. 1986–94 టయోటా ఫోర్ వీల్ డ్రైవ్, 1988–98 షెవ్రొలే, జీఎంసీ ఫోర్ వీల్ డ్రైవ్ ఇలాంటివే. 1960–62 షెవ్రొలే టూ వీల్ డ్రైవ్‌లోనూ టార్షన్ బార్లే. 1963లో వాటి స్థానంలో కాయిళ్లు వచ్చాయి.

ఆ బోల్టు ఎంత బయటికి వచ్చి ఉందో రెండు పక్కలా కొలిచి పోల్చండి. బాగా తిప్పేసి ఉంటే ఎవరో ఎత్తు కోసం బిగించారన్నమాట. అప్పుడు పై ఆర్మ్ కింది ఆపు రబ్బరుకు ఆనుకుపోతుంది. గతుకుల్లో బండి కొట్టుకుంటుంది, షాఫ్టుల రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి. బార్లు విప్పాల్సి వస్తే ఎడమది ఎడమకే, కుడిది కుడికే వెళ్లాలి. మెలిక అలవాటైన దిశ మారితే విరిగే ప్రమాదం ఉంది. విప్పకముందే సుద్దతో గుర్తు పెట్టండి.

4. సాలిడ్ యాక్సిల్ అయితే దాని సంఖ్య తేల్చండి

డిఫరెన్షియల్ గుండు ఏ పక్కన ఉందో చూడండి. ఫోర్డ్‌లో 1970ల చివరి నుంచీ ఎడమ. 1973–87 షెవ్రొలేలో కుడి. పక్క తేడాగా ఉంటే యాక్సిల్ మార్చారని అనుమానించాలి.

మూత బోల్టులు లెక్కపెట్టడం అలవాటే కానీ ఇక్కడ అది పెద్దగా సాయపడదు. డానా కంపెనీ యాక్సిళ్లైన డానా 44, డానా 60, షెవ్రొలే వారి సొంత యాక్సిల్, మూడింటికీ పదే బోల్టులు. ఆకారం చూడాలి. షెవ్రొలేది దాదాపు గుండ్రం. డానా మూతలు కోణాలు తిరిగి ఉంటాయి, 60 చూపుకే పెద్దది. డానా 44లో క్రౌన్ వీల్ (గుండు లోపలి పెద్ద పళ్ల చక్రం) వ్యాసం 8.5 అంగుళాలు, డానా 60లో 9.75. నమ్మదగిన మార్గం ఒకటుంది. గుండు కింది పక్కటెముక దగ్గర జిడ్డు గీకి వైరు బ్రష్‌తో రుద్దండి. 44, 60 అన్న అంకెలు పోతలోనే ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. పొడవైన గొట్టం మీద సన్నగా గుద్దిన సంఖ్య కూడా ఉండొచ్చు. టార్చిని ఏటవాలుగా పట్టి చూసి, సుద్ద రుద్దితే అంకెలు తేలతాయి. గేరు నిష్పత్తి, విడిభాగాలు దాని ఆధారంగానే తేలతాయి కాబట్టి ఫోటో తీసి ఉంచుకోండి.

ట్విన్ ట్రాక్షన్ బీమ్‌కు వెనక విప్పే మూత ఉండదు. డిఫరెన్షియల్ ఉన్న ముక్కను దూలానికే బోల్టులతో బిగిస్తారు. అక్కడ బోల్టులు లెక్కపెట్టి కంగారుపడకండి. ఎఫ్-150లో అది డానా 44, ఎఫ్-250లో 44 లేదా 50, ఫోర్డ్ చిన్న పికప్ రేంజర్‌లో అంతకంటే చిన్నవి.

డాడ్జ్‌లో కుడి గొట్టం మధ్యలో వాక్యూమ్ గొట్టాలు వచ్చిచేరే చిన్న పెట్టె ఉంటే, అది ఆ పక్క షాఫ్టును కలిపి విడదీసే ఏర్పాటు. ఆ షాఫ్టు రెండు ముక్కలు. ఫోర్ వీల్ పడటం లేదంటే గేరుపెట్టె విప్పేముందు ఈ గొట్టాలు పగిలాయేమో చూడండి.

5. చక్రం తిరిగే కీలు

నకిల్ (చక్రాన్ని మోస్తూ స్టీరింగుతో పాటు తిరిగే ముక్క) పైన కోట ఆకారపు నట్టు, దానికి కాటర్ పిన్ ఉంటే బాల్ జాయింట్ (బంతి ఆకారపు కీలు). నాలుగు బోల్టుల మూత ఉంటే కింగ్‌పిన్ (నిలువు కడ్డీ కీలు). ఫోర్డ్ డానా 60లో 1991 దాకా కింగ్‌పిన్, 1992 నుంచి బాల్ జాయింట్. చక్రం వెనక నున్నటి పెద్ద ఇనుప బంతి, దాని చుట్టూ తుడిచే సీలు కనిపిస్తే మూసిన నకిల్. 1979–85 టయోటాలలో ఇదే. ఆ బంతి మీద గ్రీజుతో పాటు పల్చటి నూనె కారుతుంటే లోపలి షాఫ్టు సీలు పోయిందని. డిఫరెన్షియల్ నూనె గ్రీజును కడిగేస్తోంది.

6. గేరు నిష్పత్తి

విప్పకుండానే తెలుసుకోవచ్చు. ట్రాన్స్‌ఫర్ కేసును (శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే గేరుపెట్టె) టూ వీల్‌లో ఉంచి, ముందు హబ్‌లు (చక్రాల నడిమి భాగాలు) రెండూ లాక్ చేయండి. ఒక ముందు చక్రాన్ని నేల మీదే ఉంచి రెండోదాన్ని ఎత్తండి. ఎత్తిన చక్రానికీ ప్రొపెల్లర్ షాఫ్టుకూ (ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి యాక్సిల్‌కు వచ్చే పొడవాటి షాఫ్టు) సుద్ద గీత పెట్టి, చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఆ రెండు చుట్లలో షాఫ్టు ఎన్నిసార్లు తిరిగిందో అదే నిష్పత్తి. మూడున్నర చుట్ల మీద కాస్త ఎక్కువైతే 3.55, నాలుగు దాటి కొద్దిగా వెళ్తే 4.10. వెనక యాక్సిల్‌కూ ఇదే లెక్క చేసి పోల్చండి. ముందు యాక్సిల్ మార్చిన బండ్లలో రెండూ కలవకపోవడం తరచూ జరుగుతుంది. అలాంటి బండిని గట్టి రోడ్డు మీద గానీ మట్టిలో గానీ ఫోర్ వీల్‌లో నడపకూడదు. ముందూ వెనకా చక్రాలు వేర్వేరు వేగాలకు లాగి ట్రాన్స్‌ఫర్ కేసును నలిపేస్తాయి.