ఆన్‌లైన్‌లో కార్యవర్గ ఎన్నికలు: లింక్ పంపే ముందు జాగ్రత్తలు

సంఘం నియమావళి ఆన్‌లైన్ ఓటింగ్‌ను ఒప్పుకుంటుందా? లేదంటే ముందు సవరణ చేయాల్సిందే.

ఓటర్ల జాబితా దగ్గరే గొడవలు మొదలవుతాయి. ఏ తేదీ నాటికి సభ్యత్వం ఉన్నవారికి ఓటు ఉంటుందో ప్రకటించండి. ఆ తర్వాత ఎవరడిగినా పేరు చేర్చొద్దు. ఇద్దరు సభ్యులు ఒకే ఈమెయిల్ ఇచ్చి ఉంటే ఇప్పుడే విడివిడిగా తీసుకోండి.

అందరికీ ఒకే లింక్ పంపొద్దు. ఒక్కొక్కరికి ఒక్కసారే పనిచేసే లింక్ ఉండాలి. మామూలు గూగుల్ ఫామ్‌లో ఈమెయిల్ అడిగితే ఎవరు ఎవరికి వేశారో నిర్వాహకుడికి తెలిసిపోతుంది. ఇక రహస్య ఓటు ఎక్కడిది?

పోటీలో ఉన్నవారికి అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వకండి, ఎంత మంచివారైనా సరే.

నమూనా ఓటింగ్ జరిపి, ఆ ఓట్లు తీసేయండి.

ముగింపు గడువును టైమ్‌జోన్‌తో సహా రాయండి.

ఓట్లు సమానమైతే ఏం చేస్తారో కూడా ముందే ప్రకటించండి.