స్టవర్‌హెడ్‌కి వెళ్తే ముందు పెయింటింగులు, తర్వాతే తోట

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లెవరైనా విల్ట్‌షైర్‌లోని స్టవర్‌హెడ్ (పాత జమీందారీ భవనం, దాని తోట) చూడ్డానికి వెళ్తుంటే ఒక మాట. చెరువు కనబడగానే చాలామంది అటే పరుగెడతారు. అలా కాకుండా ముందు భవనంలోకి వెళ్లండి. తోట కంటే అది ముందే మూసేస్తారు, కొన్ని రోజులు అసలు తెరవరు. కాబట్టి బయల్దేరే ముందే వేళలు చూసుకోండి. పెయింటింగులు పాడవకుండా గదుల్లో వెలుతురు తక్కువగా ఉంచుతారు. కళ్లు అలవాటుపడే దాకా కాసేపు ఆగండి, హడావుడి వద్దు. ఫ్రెంచ్ చిత్రకారుడు పూసాఁ వేసిన, గ్రీకు పురాణ వీరుడు హెర్క్యులీస్ చిత్రం మాత్రం తప్పకుండా చూడండి. తోటలో 1750లలో కట్టిన పాంథియన్ అనే రోమన్ తరహా గుడిలోకి వెళ్తే అదే హెర్క్యులీస్, శిల్పి రైస్‌బ్రాక్ చెక్కిన పాలరాతి విగ్రహమై నిలబడి ఉంటాడు! రెండూ అదే రోజు చూస్తే ఆ ఆనందమే వేరు.

తర్వాత భవనం వైపు నుంచే దిగి, చెరువు ఎడమచేతి వైపు ఉండేలా, గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరగండి. ఈ తోట వేయించిన యజమాని హెన్రీ హోర్ ఆ దారి వేయించిందే అలా. ఒక్కో గుడీ చెట్ల చాటు నుంచి బయటపడే వరస అప్పుడే తెలుస్తుంది. దారిలో వచ్చే గుహలో మెట్లు తడిగా ఉంటాయి, పట్టున్న బూట్లు వేసుకోండి.