కర్నూలులో స్థలం రేటు ఎందుకంత? మీరే లెక్కేసుకోండి

నేను కర్నూలులో ఇళ్లకు ప్లాన్లు గీస్తాను. కల్లూరు వైపు స్థలం చూసొచ్చినవాళ్లు అడిగే మాట ఒకటే: "ప్లాట్లు వేసి అమ్మేవాడు ఎకరా అరవై లక్షలకు కొన్నాడంట సార్, నాకు సెంటు లక్షన్నర చెప్తాడేంది?"

కాగితం తీయండి. ఎకరాకు 100 సెంట్లు. లేఔట్‌కు, అంటే పొలాన్ని ప్లాట్లుగా విడగొట్టడానికి, అనుమతి కావాలంటే 10 శాతం పార్కు లాంటి ఖాళీ జాగాకు వదలాలి. రోడ్లకు సుమారు 30 పోయిందనుకుంటే అమ్ముకోను మిగిలేది 60 సెంట్లు. సెంటు 60 వేలు పడిన భూమి, రూపాయి లాభం వేసుకోకముందే లక్ష అయింది. దాని మీద ప్రభుత్వ రుసుములు, కాలువలు, కరెంటు స్తంభాలు, అనుమతి వచ్చేదాకా అప్పు మీద నడిచే వడ్డీ కలపండి. వచ్చిన మొత్తానికీ ఆయన చెప్పే రేటుకూ ఎంత తేడా ఉందో అక్కడే బేరమాడండి.

తర్వాత సర్వే నంబరుతో మాస్టర్ ప్లాన్‌లో, అంటే ఎక్కడ ఇళ్లు, ఎక్కడ పొలాలు ఉండాలో ప్రభుత్వం గీసిన పటంలో, జోన్ చూడండి. నివాస జోన్‌లో ఖాళీ నేల తక్కువైతే, ఉన్న రైతు చెప్పిందే రేటు. గట్టు అవతల వ్యవసాయ జోన్‌లో చవగ్గా దొరుకుతుంది, కానీ జోన్ మారనిదే అక్కడ లేఔట్‌కు అనుమతి రాదు. ఆ ఫైలు ఏళ్లు నానితే ఊరికి ఇళ్లు తగ్గుతాయి, రేటు పెరుగుతుంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే సంగతి.

రోడ్డు వెడల్పు కూడా టేపు పెట్టి కొలవండి. ఎన్ని అంతస్తులు లేపొచ్చో దాన్నిబట్టి కూడా తేలుతుంది. మూడు సెంట్లలో ముందూ పక్కలా వదలాల్సింది వదిలేసి, పైకి కూడా వెళ్లలేకపోతే అద్దెకిచ్చే వాటా ఒకటి పోయినట్టే. పాతబస్తీ సందుల్లో ఈ బిగింపు కొంత సడలించాలని నేను గట్టిగా అంటాను.

నది పక్క నిబంధనను మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. నగర పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లలోపు కట్టకూడదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు ఊళ్లోకొచ్చినప్పుడు ఇక్కడున్నవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. హంద్రీ ఒడ్డున చవక ప్లాటు చూపిస్తే వెనక్కి తిరిగి వచ్చేయండి.

బయానా ఇచ్చేముందు 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టిక), ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) చూసుకోండి. పార్కు జాగాను పంచాయతీకో కార్పొరేషన్‌కో రాసిచ్చిన గిఫ్టు డీడ్ నకలు అడగండి. అది చూపించకపోతే, రేపు ఆ పార్కును కూడా ప్లాట్లుగా కోసి అమ్మే వీలుంది. నకలు చేతికి వచ్చేదాకా డబ్బు ఇవ్వొద్దు.