క్రిమినాలజీ, సోషియాలజీ కలిపి చదవబోయే వారికి: పట్టికలు, కోర్టు హాలు, ఊళ్లో ముప్పై ఇళ్లు

క్రిమినాలజీ చదవాలని ఉందంటూ నా దగ్గరికి వచ్చే విద్యార్థులను ముందుగా ఒకటే అడుగుతాను. వేలిముద్రలు, రక్తపు మరకలు, డీఎన్ఏ మీద ఆసక్తా? లేక ఒక పనిని సమాజం ఎప్పుడు నేరమంటుంది, ఆ ముద్ర ఎవరి మీద పడుతుంది, పడ్డాక ఆ మనిషి బతుకు ఏమవుతుంది అన్న ప్రశ్నల మీదా? మొదటిది ఫోరెన్సిక్ సైన్స్. దానికి సాధారణంగా సైన్స్ నేపథ్యం కావాలి. రెండోది క్రిమినాలజీ. అది సోషియాలజీ భుజం మీద నిలబడిన శాస్త్రం కాబట్టి రెండూ కలిపి చదవడమే సరైన దారి. నేను సోషియాలజీలో ఎం.ఏ. చేశాక క్రిమినాలజీ వైపు వెళ్లాను. ఇప్పుడు డిగ్రీ విద్యార్థులకు ఆ రెండూ చెబుతున్నాను. నా క్లాసులో అందరిచేత చేయించే పనులనే ఇక్కడ రాస్తున్నాను.

సిద్ధాంతాలతో మొదలుపెడదాం. సిలబస్ దాదాపు అన్నిచోట్లా ఒకే వరుసలో ఉంటుంది. 1764లో శిక్షల గురించి రాసిన బెక్కారియా, 1876లో నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడన్న లొంబ్రోసో, ఆ తరువాత దుర్ఖైమ్, 1938లో మెర్టన్, 1939లో సదర్లాండ్, 1963లో బెకర్. పేర్లూ సంవత్సరాలూ బట్టీపట్టి పరీక్ష గట్టెక్కవచ్చు, కానీ రెండు నెలల తరువాత ఏమీ మిగలదు. అందుకే ఒక నియమం పెట్టుకోండి. ప్రతి సిద్ధాంతానికీ మన నేల మీద జరిగిన ఒక సంఘటన వెతికి, దాని పక్కన పెట్టి అర పేజీ రాయండి. ఆ సిద్ధాంతం ఆ సంఘటనలో దేన్ని వివరించగలిగిందో, దేన్ని వదిలేసిందో రెండూ రాయాలి.

దుర్ఖైమ్‌నే తీసుకోండి. నేరం లేని సమాజం ఉండదని, ఏది నేరమో చెప్పేది ఆ సమాజపు ఉమ్మడి మనోభావాలేనని ఆయన అన్నాడు. దీని పక్కన సారా ఉద్యమాన్ని పెట్టండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. అంటే 1994లో కొనుక్కోగలిగిన సీసా 1996లో కేసు అయింది, 1998లో మళ్లీ మామూలు సరుకైంది. సీసాలో ఉన్నది మారలేదు. ఏ మనోభావం గట్టిపడి దాన్ని నేరం చేసింది? ఖజానా అవసరాల వంటి ఏ ఒత్తిడి దాన్ని మళ్లీ సడలించింది? ఉమ్మడి మనోభావం అన్నప్పుడు అందులో దూబగుంట ఆడవాళ్ల మాటకు ఎంత బరువుంది, సారా కాంట్రాక్టర్ల మాటకు ఎంత బరువుంది? ఈ చివరి ప్రశ్నకు దుర్ఖైమ్ దగ్గర సరైన జవాబు దొరకదు. దొరకలేదని మీ అర పేజీలో రాయండి. అక్కడి నుంచే మీ సొంత ఆలోచన మొదలవుతుంది.

బెకర్ దగ్గరికి వచ్చేసరికి నేను ఎక్కువ సమయం తీసుకుంటాను. ముద్ర వేయడమే మనిషిని నేరస్థుణ్ణి చేస్తుందన్న వాదానికి స్టువర్టుపురాన్ని మించిన పాఠం తెలుగువారికి లేదు. బాపట్ల, చీరాల మధ్య రైల్లో వెళ్లేటప్పుడు ఆ స్టేషను వస్తుంది. ఆ పేరు వింటే దొంగలనే మాట గుర్తొచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? అక్కడ స్థిరపరిచిన ఎరుకలవారు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని కోస్తా నుంచి లోపలి ప్రాంతాలకు తీసుకెళ్లి, తిరుగుదారిలో ధాన్యం తెచ్చి అమ్ముకునేవారు. బ్రిటిష్ ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. రైళ్లు వచ్చి సరుకు రవాణాను ఎత్తుకుపోయాయి. బతుకుతెరువు పోయి ఊరూరా తిరుగుతున్నవాళ్లు సర్కారు కంటికి అనుమానాస్పదులయ్యారు. 1871లో ఉత్తర భారతంలో వచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. పేర్లు నమోదు చేశారు, వేలిముద్రలు తీసుకున్నారు, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటకుండా కట్టడి చేశారు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో, ఈ జాతులవారిని నిఘాలో ఉంచే సెటిల్‌మెంట్లు వెలిశాయి. స్టువర్టుపురం వాటిలో ఒకటి. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరే దానికి పెట్టారు.

పాలు తాగే పసిబిడ్డ కూడా పుట్టగానే నేరస్థ జాతి కిందకు వచ్చిన చట్టం అది. 1952 ఆగస్టు 31న అది రద్దయింది. కానీ దాని స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు తెచ్చుకున్నాయి. 2024 అక్టోబరులో కూడా, జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి పని అప్పగించడం, విముక్త జాతులను, అంటే ఒకప్పుడు నేరస్థ జాతులని ముద్ర పడినవారిని, పుట్టుకను బట్టి అలవాటు నేరస్థుల కింద చూడడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఆ తీర్పు సుప్రీంకోర్టు వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. పూర్తిగా చదవండి. లొంబ్రోసో ఎప్పుడో తప్పని తేలినవాడని పాఠంలో రాసుకుంటాం. అతని ఆలోచన మన జైలు నిబంధనల్లో ఎంతకాలం బతికిందో ఆ తీర్పు చూపిస్తుంది.

తరువాతి పని లెక్కలు. జాతీయ నేర రికార్డుల బ్యూరో 1986లో ఏర్పడింది. దేశంలో నేరాల వార్షిక నివేదిక అంతకుముందే, 1953 నుంచీ వస్తోంది. పత్రికలు దాన్నుంచి ఒక అంకె తీసి శీర్షిక పెడతాయి. మీరు ఆ పని చేయకూడదు. ఏ పట్టిక తెరిచినా మూడు విషయాలు నోటుపుస్తకంలో రాసుకున్నాకే ముందుకు వెళ్లండి. ఇది జరిగిన నేరాల సంఖ్యా, నమోదైన కేసుల సంఖ్యా? ఆ ఏడాది చట్టం గానీ నమోదు పద్ధతి గానీ మారిందా? రేటు ఎవరి జనాభా మీద కట్టారు, లక్ష మంది జనాభా మీదా, లక్ష మంది స్త్రీల మీదా? ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ఒకే ఎఫ్ఐఆర్‌లో అనేక నేరాలుంటే అన్నింటికన్నా తీవ్రమైనదాన్నే లెక్కిస్తారు. దోపిడీ చేసి చంపితే అది హత్యల పట్టికలోకి వెళ్తుంది, దోపిడీ పట్టికలో కనిపించదు.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. దేశంలో 2012లో 24,923 అత్యాచార కేసులు నమోదయ్యాయి. 2013లో అవి 33,707. ఒక్క ఏడాదిలో మూడోవంతుకు పైగా పెరుగుదల. మగవాళ్లు ఒక్క ఏడాదిలో అంతగా చెడిపోయారా? 2012 డిసెంబరులో ఢిల్లీ నిర్భయ ఘటన జరిగింది. 2013లో చట్టం సవరించి అత్యాచార నిర్వచనాన్ని విస్తరించారు. సమ్మతి వయసును 16 నుంచి 18కి పెంచారు. ఇలాంటి ఫిర్యాదు నమోదు చేయని పోలీసును శిక్షించే సెక్షన్ పెట్టారు. అదే ఏడాది నవంబరులో, కాగ్నిజబుల్ నేరం, అంటే వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం, జరిగినట్టు ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్ని మార్పుల మధ్య నేరాలు ఎంత పెరిగాయో, ఫిర్యాదు చేసే ధైర్యం ఎంత పెరిగిందో ఆ రెండు అంకెలు విడదీసి చెప్పలేవు. తెలంగాణ సైబర్ నేరాల లెక్కనూ ఇలాగే చూడాలి. 2022లో దేశవ్యాప్తంగా 65,893 కేసులు నమోదైతే అందులో 15,297 తెలంగాణవే. ఆ పట్టిక నేరస్థులు ఎక్కడున్నారో చెప్పదు. కేసు ఎక్కడ నమోదైందో చెబుతుంది.

పోలీసు లెక్కకు అందనిది ఎంతో తెలియాలంటే ఇంటింటి సర్వేలను పక్కన పెట్టుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లయిన స్త్రీలలో దాదాపు 29 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస అనుభవించామని చెప్పారు. శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో ఎవరి సాయమైనా కోరినవారు 14 శాతమే. ఆ సాయం కోరింది కూడా ఎక్కువగా పుట్టింటివాళ్లను. గృహహింస కేసుల పట్టిక చూసేటప్పుడు ఈ 14 శాతం మీ కళ్ల ముందు ఉండాలి.

ఇక కోర్టు. సెమిస్టరుకు కొన్ని రోజులైనా మీ ఊరి మెజిస్ట్రేట్ కోర్టులో కూర్చోండి. విచారణ బహిరంగంగానే జరుగుతుంది. అత్యాచారం వంటి కేసులను మాత్రం మూసిన తలుపుల మధ్య విచారిస్తారు, వాటి జోలికి వెళ్లవద్దు. కాలేజీ నుంచి ఒక ఉత్తరం పట్టుకెళ్లి బెంచి క్లర్కుకు చూపించి, వెనక బల్ల మీద కూర్చోండి. ఫోను కట్టేయండి. రికార్డింగ్ చేయవద్దు. ఉదయం కేసులు పిలిచే సమయమే మీకు అన్నింటికన్నా పనికొస్తుంది. బంట్రోతు పేరు పిలుస్తాడు, ముద్దాయి చేతులు కట్టుకుని వచ్చి నిలబడతాడు, వాయిదా తేదీ పడుతుంది, వెళ్లిపోతాడు. ఒక్కొక్కరికి నిమిషం కూడా పట్టదు. మీ కాగితంలో గడులు గీసుకోండి: ఏ సెక్షన్, లాయరు ఉన్నాడా, జైలు నుంచి తెచ్చారా లేక బయటి నుంచి వచ్చాడా, వాయిదా ఎందుకు పడింది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి కాబట్టి పాత కేసులు ఐపీసీ సెక్షన్లతో, కొత్తవి భారతీయ న్యాయ సంహిత సెక్షన్లతో నడుస్తుంటాయి. రెండూ పక్కపక్కన రాసిన పట్టిక దగ్గర పెట్టుకోండి.

ఒక కోర్టులో చూసింది చెబుతాను. రాగి తీగ దొంగతనం కేసులో ఒకతనికి బెయిలు వచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలి. అతని భార్య సంచిలోంచి రేషన్ కార్డు, ఆధార్ కార్డు తీసి ఇచ్చింది. జామీను ఉండేవారి ఇంటిపన్ను రసీదు కావాలని లాయరు గుమాస్తా చెప్పాడు. వాళ్లు ఉండేది అద్దె గది. తెలిసినవాళ్లందరిదీ అద్దె గదే. ఆమె ఆ కాగితాలను మడత చెడకుండా మళ్లీ సంచిలో పెట్టుకుని వరండాలో కూర్చుంది. 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. ఈ అంకెను ఎన్నిసార్లు చదివినా, ఇంటిపన్ను రసీదు సంగతి ఆ వరండాలో కూర్చున్నవారికే తెలుస్తుంది. అలాంటిది చూసిన రోజు సాయంత్రమే రాసేయండి. పేర్లు, ఊళ్లు, కేసు నంబర్లు మాత్రం రాయవద్దు. పిల్లల కేసుల్లో, లైంగిక నేరాల కేసుల్లో బాధితుల వివరాలు బయటపెట్టడం చట్టప్రకారం నేరం. తక్కిన కేసుల్లో కూడా మీ ప్రాజెక్టు కోసం ఒకరి కష్టానికి చిరునామా రాయవలసిన అవసరం లేదు.

ప్రాజెక్టు వరకు వస్తే, యువతలో నేరప్రవృత్తి వంటి పెద్ద శీర్షికలు పెట్టుకోవద్దు. మీ వీధిలో ముప్పై ఇళ్లు చాలు. గత ఏడాదిలో ఇంట్లో ఏమైనా పోయిందా, పోలీసులకు చెప్పారా, చెప్పకపోతే ఎందుకు, చెబితే ఎఫ్ఐఆర్ నకలు ఇచ్చారా లేక రసీదుతో పంపేశారా అని అడగండి. ఆడవాళ్లను ఆడవాళ్లే అడిగితే మంచిది. ఇంట్లో తక్కినవాళ్లు వింటుండగా హింస గురించి అడగనే వద్దు. ముప్పై ఇళ్ల నుంచి జిల్లా మొత్తానికి తీర్మానం చేయకూడదు. కానీ మీ వీధిలో పోయిన వస్తువులెన్ని, స్టేషను దాకా వెళ్లినవెన్ని అన్న తేడా మాత్రం కచ్చితంగా మీ సొంత పరిశోధనే అవుతుంది.

ఎక్కడ చదవాలన్నది త్వరగా చెప్పేస్తాను. డిగ్రీ, పీజీలలో సోషియాలజీ గట్టిగా చదవడానికి ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్ర విశ్వవిద్యాలయం మనకు అందుబాటులో ఉన్నాయి. క్రిమినాలజీ పీజీకి మద్రాసు విశ్వవిద్యాలయం, తిరునల్వేలిలోని మనోన్మణియం సుందరనార్ విశ్వవిద్యాలయం, మధ్యప్రదేశ్‌లోని సాగర్ విశ్వవిద్యాలయం చూడండి. యూజీసీ నెట్‌లో రెండు సబ్జెక్టులూ ఉన్నాయి. సివిల్స్‌లో సోషియాలజీ ఐచ్ఛికాంశంగా ఉంది, క్రిమినాలజీ లేదు. జిల్లా బాలల సంరక్షణ విభాగాలు, ప్రొబేషన్ (జైలుకు బదులు పర్యవేక్షణలో ఉంచే పద్ధతి), జైళ్లలో సంక్షేమ పనులు, న్యాయ సహాయ సంస్థలు ఈ చదువుకు దగ్గరి ఉద్యోగాలు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా, అంటే న్యాయ సహాయంలో తోడ్పడే స్వచ్ఛంద కార్యకర్తగా, చేరడానికి పీజీ అయ్యేదాకా ఆగనక్కరలేదు. దరఖాస్తుతో పాటు మీ కోర్టు నోట్సులోంచి రెండు పేజీలు, ముప్పై ఇళ్ల నివేదిక జతచేయండి.