ఇంట్లోనే పీసీబీ నేర్చుకుందాం – 6వ భాగం: సిల్క్‌స్క్రీన్, అందులోకి దూరే రాజకీయం

పోయిన భాగంలో పీసీబీ (భాగాలు అతికించే సర్క్యూట్ బోర్డు) మీద రూటింగ్, అంటే రాగి దారులు గీయడం అయిపోయింది, ఖాళీ చోట్ల గ్రౌండ్ ఫిల్ అనే రాగి పోశాం, డీఆర్‌సీ, అంటే డిజైన్ తప్పుల తనిఖీ కొట్టి ఎర్రర్లు సున్నాకి తెచ్చుకున్నాం. కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక్క ముక్క, మనం చేస్తున్నది పాత డెస్క్‌టాప్‌లకీ ఇంట్లో నడిపే చిన్న సర్వర్లకీ 4-పిన్ ఫ్యాన్ హబ్, అంటే ఒకే చోట నుంచి చాలా ఫ్యాన్లు నడిపే బోర్డు. గ్రౌండ్, 12 వోల్టులు, టాకో (ఫ్యాన్ వేగం చెప్పేది), పీడబ్ల్యూఎం (వేగం మార్చేది), ఇవే నాలుగు తీగలు. ఇవాళ సిల్క్‌స్క్రీన్, అంటే బోర్డు మీద తెల్లగా ప్రింటయ్యే అక్షరాలు, బొమ్మలు. చాలామంది దీన్ని చివర్లో అలా చుట్టేస్తారు, కానీ కొన్నవాడు కవర్ చింపగానే చూసేది మీ రూటింగ్ కాదు, ఇదే.

ముందు పని సంగతి. మనం బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ కైక్యాడ్‌లో ఎఫ్.సిల్క్‌స్క్రీన్ అని పై లేయర్, బి.సిల్క్‌స్క్రీన్ అని కింది లేయర్. కనెక్టర్ పేర్లు, ఒకటో పిన్ గుర్తు, ప్లస్ మైనస్, వెర్షన్ నంబర్, ఇవి లేకుండా బోర్డు పంపకండి. గీత మందం 0.15 మిల్లీమీటర్లు, ఇంగ్లీష్ అక్షరం ఎత్తు 1 మిల్లీమీటర్, ఈ కొలతల్లో ఉంటే ఎక్కువ ఫ్యాబ్‌లు (బోర్డు తయారుచేసే ఫ్యాక్టరీలు) ఏమీ అనవు. తెలుగులో రాయాలంటే కైక్యాడ్ 7 నుంచి సిస్టమ్ ఫాంట్లు వాడుకోవచ్చు కాబట్టి ఒత్తులు సరిగ్గానే పడతాయి, కానీ నన్నడిగితే 2 మిల్లీమీటర్లకి తగ్గించొద్దు, తగ్గిస్తే ఒత్తులన్నీ కలిసిపోయి తెల్ల మచ్చలా కనిపిస్తుంది.

బొమ్మ పెట్టాలంటే ఇమేజ్ కన్వర్టర్ ఓపెన్ చేసి, నలుపు తెలుపు ఫొటో ఇచ్చి, సైజు మిల్లీమీటర్లలో కొట్టి, ఫుట్‌ప్రింట్‌గా, అంటే బోర్డు మీద విడిగా పెట్టి తీయగల ముక్కగా ఎక్స్‌పోర్ట్ చేయండి. డైరెక్టుగా బోర్డు మీద గీసేయకుండా ఫుట్‌ప్రింట్‌గానే ఎందుకంటే రేపు దాన్ని ఒక్క క్లిక్‌తో తీసేయొచ్చు, ఇది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీంతోనే పని. ఫుట్‌ప్రింట్ ప్రాపర్టీస్‌లో స్కీమాటిక్‌లో (సర్క్యూట్ పటంలో) లేదు అన్న టిక్, బీఓఎం (కొనాల్సిన భాగాల జాబితా) నుంచి తీసేయి అన్న టిక్ రెండూ పెట్టండి. మొదటిది పెట్టకపోతే స్కీమాటిక్ నుంచి అప్‌డేట్ కొట్టినప్పుడు సింబల్ లేని ఫుట్‌ప్రింట్లు తీసేయమన్న ఆప్షన్ ఆన్‌లో ఉందంటే మీ బొమ్మ చెప్పా పెట్టకుండా ఎగిరిపోతుంది.

ఇక అసలు గొడవ. ఏ బొమ్మ పెట్టాలి?

హార్డ్‌వేర్ మీద మనసులో మాట రాసుకోవడం కొత్తేం కాదు. 1985లో వచ్చిన అమిగా 1000 అనే కంప్యూటర్ మూత లోపల టీమ్ వాళ్ళ సంతకాలన్నీ ఉంటాయి, పక్కనే దాని డిజైనర్ జే మైనర్ పెంపుడు కుక్క మిచీ పాదముద్ర కూడా. ఆ తర్వాత వచ్చిన అమిగా 500 బోర్డు మీద ఒక బ్యాండ్ పాట పేరు ప్రింట్ చేసి ఉంటుంది. ఇవి సరదావి. అదే 80ల్లో డెక్ కంపెనీ వాళ్ళ సీవ్యాక్స్ చిప్ ఉంది చూశారా, దాని సిలికాన్ మీద మైక్రోస్కోప్‌లో మాత్రమే కనపడే సైజులో రష్యన్ లిపిలో ఒక వాక్యం చెక్కారు, దొంగిలించేటప్పుడు కూడా బెస్ట్‌దే దొంగిలించాలి అన్న టైపులో ఎగతాళి, తమ చిప్‌లని విప్పి కాపీ కొట్టే సోవియట్ ఇంజనీర్లు చదువుకోవాలని. ఆ రష్యన్ కూడా వచ్చీరాని రష్యనే. కోల్డ్ వార్ రాజకీయమే అది, అయినా డబ్బులు పెట్టి కొన్న కస్టమర్ కంటికి కనపడదు కాబట్టి వాడికి ఏ ఇబ్బందీ లేదు. మన సిల్క్‌స్క్రీన్ అలా కాదు, కొన్న ప్రతివాడూ చూస్తాడు.

మా బెంగళూరు తెలుగు హార్డ్‌వేర్ గ్రూప్‌లో అనంతపురం తమ్ముడొకడు ఉన్నాడు, ఎలక్ట్రానిక్ సిటీలో జాబ్, సాయంత్రాలు ఇలాంటి హబ్‌లే చేసి అమ్ముతాడు. ఫ్యాన్ కనెక్టర్ పక్కన ఫ్యాన్ అని రాసే బదులు మూడు రెక్కల బొమ్మ పెట్టాడు, చూడ్డానికి నీట్‌గా ఉంది. అది 2024 మే, ఆంధ్రాలో ఎన్నికల టైం. ఒక కస్టమర్ నుంచి మెసేజ్, "అన్నా బోర్డు సూపర్ గానీ మా ఇంట్లో అందరం సైకిల్, ఫ్యాన్ లేని పీస్ ఏమైనా ఉందా?" ఇంకొకతను గుంటూరు నుంచి నవ్వు ఎమోజీలతో, "ఫ్యాన్‌కే ఓటు, ఇంకో రెండు పంపు తమ్ముడూ". పాపం మనవాడు పెట్టింది కంప్యూటర్ ఫ్యాన్. కన్నడ కస్టమర్లలో ఒక్కరికి కూడా ఆ బొమ్మలో పార్టీ కనపడలేదు, కనపడాల్సిన పనీ లేదు. తర్వాతి బ్యాచ్‌లో ఏడు రెక్కలు, చుట్టూ చతురస్రం ఫ్రేమ్, నాలుగు మూలలా స్క్రూ రంధ్రాలు గీశాడు, దెబ్బకి అది కేబినెట్ ఫ్యాన్ అని అందరికీ అర్థమైంది. మీరూ అలాగే గీయండి. పవర్‌కి చేయి గుర్తు, ఆన్ ఆఫ్‌కి సూర్యుడు, ఇలాంటివి పెట్టేముందు కూడా ఎన్నికల గుర్తులు ఒకసారి గుర్తు తెచ్చుకోండి, మన దగ్గర గాజు గ్లాసు, కారు, చీపురు కూడా ఖాళీగా లేవు.

రంగులతో ఇంకో తంటా. మామూలు సిల్క్ ఒకే రంగు కాబట్టి జెండా గీసినా ఉత్త తెల్ల గీతలే వస్తాయి, అందుకే జెండా చూపించాలనుకునేవాళ్ళు సోల్డర్ మాస్క్ (బోర్డు మీది రంగు పూత) రంగునీ బయటికి తీసిన రాగినీ వాడతారు. పై రాగి లేయర్ ఎఫ్.సీయూ మీద ఒక జోన్ పోసి, అదే ఆకారం ఎఫ్.మాస్క్ మీద తెరిస్తే అక్కడ మాస్క్ పడదు, ఎనిగ్ ఫినిష్ (రాగి మీద బంగారు పూత) అడిగితే బంగారు రంగు, హాజల్ (టంకం పూత) అయితే వెండి రంగు. నీలం మాస్క్ మీద బంగారు పట్టీ తెరిచారంటే అది ఉక్రెయిన్ జెండా. 2022 ఫిబ్రవరిలో రష్యా దాడి మొదలయ్యాక ఆ రెండు రంగులూ ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల పేజీల మీద కనపడ్డాయి, కాబట్టి మీరు ఏదో అందంగా ఉంటుందని పెట్టినా బయటి దేశం వాడు అలాగే చదువుకుంటాడు. ఎరుపు మాస్క్ మీద బంగారు లోగో ఉన్న బోర్డొకటి బెంగళూరు ఎస్పీ రోడ్‌లో ఒక షాపతనికి చూపిస్తే "కన్నడ బావుటనా?" అని మొహం వెలిగిపోయింది, అదే బోర్డు చూసి నా రూమ్మేట్ ఏంట్రా చైనా జెండా వేశావు అన్నాడు. మనం ఏ ఉద్దేశంతో వేశామో వాళ్ళకి తెలియదు, అడగరు కూడా.

అలాగని ఏ అభిప్రాయమూ లేనట్టు బతకమని నేను చెప్పను. చిన్న తయారీదారుడు కాబట్టే తన బోర్డు మీద తన మాట రాసుకోగలడు, పెద్ద కంపెనీ ఉద్యోగికి ఆ స్వేచ్ఛ ఎక్కడిది? నేను చూసినంతలో కస్టమర్‌కి మండేది గుర్తు ఉన్నందుకు కాదు, కొనేటప్పుడు ఫొటోలో లేనిది డబ్బా తెరిచాక కనపడినందుకు. పైగా పాత మెషీన్లకి ఇలాంటి విడిభాగం చేసేవాడు ప్రపంచం మొత్తం మీద ఒక్కడే ఉంటాడు చాలాసార్లు, నచ్చకపోతే ఇంకోచోట కొనుక్కో అంటే ఆ ఇంకోచోటు ఉండదు. వాడు కష్టపడి రిపేర్ చేసుకున్న మెషీన్ లోపల తనకి ఇష్టంలేని జెండా ఎప్పటికీ ఉంటుంది, గీకినా తేలిగ్గా పోదు. నచ్చినవాళ్ళు కూడా ఉంటారు, గుర్తు ఉందనే ఇంకొకటి కొంటారు, వాళ్ళ మెసేజ్‌లు చూసి మురిసిపోయి మిగతావాళ్ళంతా మూర్ఖులు అనుకోకండి. చాలామంది అసలు ఏమీ అనరు, మళ్ళీ రారు అంతే.

కాబట్టి పద్ధతి ఇది. గుర్తు ఫుట్‌ప్రింట్ ఉన్న ఫైల్ ఒకటి, అది డిలీట్ చేసి సేవ్ చేసిన ఫైల్ ఇంకొకటి, రెంటికీ వెర్షన్ నంబర్ ఒకటే పెట్టి చివర ఒక అక్షరం మార్చండి. రెండు బ్యాచ్‌లు వేయించడానికి డబ్బులు చాలకపోతే సాదా బోర్డే వేయించి, సిల్క్‌లో ఒక ఖాళీ గడి వదిలి, స్టిక్కర్ విడిగా కవర్‌లో పెట్టండి, అతికించుకోవడం వాడిష్టం. అమ్మే ఫొటో గుర్తు కనపడేలా దగ్గరగా తీయండి. మూలకి తిప్పి, వేలు అడ్డం పెట్టి తీసిన ఫొటో మోసం కిందే లెక్క.

చట్టం కూడా కాస్త చూసుకోవాలి. జాతీయ జెండా, గాంధీ గారి పేరూ బొమ్మా వ్యాపారానికి వాడాలంటే 1950 నాటి ఎంబ్లమ్స్ అండ్ నేమ్స్ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి. అందులో జరిమానా 500 రూపాయలే, కానీ నాలుగు సింహాల ముద్రకి 2005లో వేరే చట్టం వచ్చింది, అందులో జైలు కూడా ఉంది. ఇండియా మ్యాప్ అయితే సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్‌తో కలవాలి, నెట్‌లో దొరికిన ఔట్‌లైన్‌లో కాశ్మీర్ పైభాగం కోసేసి ఉంటే అది మీ మెడకే చుట్టుకుంటుంది, అక్కడ ఆరు నెలల దాకా శిక్ష. మేడ్ ఇన్ ఇండియా అని అక్షరాల్లో రాసుకోండి, హాయి. ఆయుధ పూజ రోజు బోర్డుకి కుంకుమ బొట్టు పెట్టుకోండి, స్వస్తిక్ మాత్రం ప్రింట్ చేయించకండి, మన గుమ్మం మీది స్వస్తిక్‌కీ నాజీలదానికీ సంబంధం లేదని మనకి తెలుసు, జర్మనీలో పార్సిల్ తెరిచేవాడికి తెలియాలని లేదు, అక్కడ నాజీ గుర్తులకి శిక్షే ఉంది. అన్నట్టు కర్ణాటకలో షాపుల బోర్డుల మీద 60 శాతం కన్నడ ఉండాలన్న రూల్ మన ఈ బోర్డులకి కాదు లెండి, అయినా బెంగళూరులో అమ్ముతూ ఒక లైన్ కన్నడలో రాస్తే ఎవరూ కాదనరు.

ఎవరైనా కోపంగా రాస్తే వాదన పెట్టుకోవద్దు. ఇలా రాయండి: "సార్, మీకు ఇబ్బంది కలిగినందుకు సారీ. ఆ గుర్తు నా సొంత అభిప్రాయం, ఫొటోలో కూడా ఉంది. మీకు సాదా బోర్డు కావాలంటే మార్చి పంపిస్తాను, షిప్పింగ్ నాదే." ఫొటోలో లేకపోతే ఉంది అని రాయకండి, డబ్బులు వెనక్కి ఇచ్చేయండి. మీరు ఏ పార్టీ అని అడిగితే జవాబు చెప్పాల్సిన అవసరం అస్సలు లేదు, ఫ్యాన్ సరిగ్గా తిరుగుతోందా అని అడగండి.

ఫర్మ్‌వేర్‌లో, అంటే చిప్‌లో నడిచే ప్రోగ్రామ్‌లో మాత్రం ఇలాంటివి వద్దే వద్దు. 2022 మార్చిలో ప్రోగ్రామర్లు వాడుకునే నోడ్-ఐపీసీ అనే లైబ్రరీ రాసినతను రష్యా, బెలారస్ ఐపీ అడ్రస్‌లు కనపడితే ఫైళ్ళ మీద హార్ట్ ఎమోజీ రాసేసే కోడ్ దూర్చాడు, జనం ఫైళ్ళు పోయే పరిస్థితి వచ్చింది. జెండా కనపడితే చిరాకు పడతారు, డేటా పోతే ఇక మిమ్మల్ని నమ్మరు. మన హబ్‌లో ఆటీటైనీ అనే చిన్న కంట్రోలర్ చిప్ ఉంది కదా, అది ఫ్యాన్ తిప్పితే చాలు.

హోంవర్క్: మీ ఫ్యాన్ ఐకాన్ గీసి, కంప్యూటర్ గురించి ఏమీ తెలియని ఇద్దరికి చూపించండి, వీలైతే ఒకరు ఆంధ్రా, ఒకరు కర్ణాటక. ఏం కనపడుతోంది అని మాత్రమే అడగండి, ఇది ఫ్యాన్ కదా అని అందించకండి. తర్వాత రెండు ఫైళ్ళూ సేవ్ చేసి, ప్లాట్ విండోలో సిల్క్ నుంచి సోల్డర్ మాస్క్ తీసేయమన్న ఆప్షన్ టిక్ చేసి పెట్టుకోండి, లేకపోతే ప్యాడ్ల (భాగాలు అతికే రాగి చోట్ల) మీద ఇంకు పడి టంకం అంటుకోదు. 7వ భాగంలో గెర్బర్ ఫైళ్ళు (ఫ్యాక్టరీకి ఇచ్చే బోర్డు డ్రాయింగ్‌లు) తీసి ఫ్యాబ్‌కి పంపుదాం.